షామన్ అధ్యయనానికి తొలి మెట్టు: ఎలియాడే, ఎల్విన్, వితెబ్‌స్కీ గ్రంథాల పరిశీలన

షామనిజాన్ని గురించి తెలుసుకోగోరే కొత్త పరిశోధకునికి గ్రంథాలయంలో మొదట చేతికందేది సాధారణంగా మిర్చా ఎలియాడే గ్రంథమే. 1951లో ఫ్రెంచిలో వెలువడి, సవరణలతో 1964లో ఆంగ్లంలోకి వచ్చిన 'షామనిజం: ఆర్కాయిక్ టెక్నిక్స్ ఆఫ్ ఎక్‌స్టసీ' సైబీరియా నుండి అమెరికా ఖండాల వరకు, టిబెట్ నుండి ఓషియానియా వరకు లభించిన సమాచారాన్ని ఒకచోట చేర్చింది. అంత విస్తృతమైన సంకలనం కనుకనే అది ప్రవేశగ్రంథంగా స్థిరపడింది. ఆ స్థానం దానికి తగినదేనా అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

బౌద్ధ అధ్యయన రంగానికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. టిబెట్, మంగోలియా, నేపాల్ బౌద్ధాలను వివరించే రచనల్లో షామన్ అనే మాట తరచు కనిపిస్తుంది. శిలాచిత్రంలో కొమ్ములు ధరించిన మానవాకృతి కనబడితే వర్ణనలో అదే మాట వచ్చి కూర్చుంటుంది. ఆధారం కంటే ముందు పేరు వచ్చినప్పుడు, ఆ పేరే ఆధారంగా చలామణి అయ్యే ప్రమాదం ఉంది. ఆరంభకుడు సర్వవ్యాప్త సిద్ధాంతంతో కాక, ఒక సమాజంతో, ఆ సమాజం వాడే మాటలతో మొదలుపెడితే ఈ ప్రమాదం చాలవరకు తప్పుతుంది. తెలుగు పాఠకునికి అటువంటి సమాజం చేరువలోనే ఉంది. వంశధార ఎగువ కొండల్లో నివసించే సోర జనమే, అంటే తెలుగువారు సవరలని పిలిచేవారే, ఆ సమాజం.

మాట నడిచిన దారి

షామన్ అనేది మూలంలో తుంగుస్ భాషా కుటుంబానికి చెందిన మాట. సైబీరియాకు ప్రవాసం పంపబడిన రష్యన్ మతాచార్యుడు అవ్వకుమ్ 17వ శతాబ్దంలో రాసిన ఆత్మకథలో అది కనిపిస్తుంది. డచ్చి రచయిత నికోలాస్ విట్సెన్ 1692లో ప్రచురించిన గ్రంథంలో కొమ్ముల శిరోవేష్టనం, చేతిలో డప్పుతో ఉన్న తుంగుస్ షామన్ చిత్రం ఉంది. దాని కింద 'సైతాను పూజారి' అని రాసి ఉంది. ఐరోపాలో ఈ మాటతో పాటు ప్రచారమైన తొలి బొమ్మే ఒక తీర్పును మోసుకొచ్చిందన్నమాట.

ఈ మాటకు బౌద్ధంతో ముడిపెట్టే వాదం కూడా పాతదే. సంస్కృత 'శ్రమణ', పాలి 'సమణ' శబ్దం మధ్య ఆసియా మీదుగా చీనాకు చేరి 'షామెన్' అయి, అక్కడి నుండి తుంగుస్ భాషల్లోకి పోయిందన్నది ఆ వాదం. 1917లో బెర్తోల్డ్ లౌఫర్ దీన్ని ఖండించారు. 1924లో షిరోకోగొరోవ్, మిరోనొవ్ కలిసి దీన్ని సమర్థించారు. భాషావేత్తల్లో ఈ విషయమై ఏకాభిప్రాయం కుదరలేదు.

బౌద్ధ పాఠకునికి ఈ వివాదం ఆకర్షణీయంగా ఉండడం సహజం. అయితే శబ్ద సంబంధం రుజువైనా ఆచార సంబంధం రుజువైనట్టు కాదు. దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం కొందరు సమణ బ్రాహ్మణులు అనుసరించే మిథ్యాజీవనాల జాబితా ఇస్తుంది. అందులో భూతవిజ్జా ఉంది, కుమారికపఞ్హ ఉంది, దేవపఞ్హ ఉంది. కుమారికపఞ్హ అంటే బాలిక శరీరంలోకి దేవతను దింపి ప్రశ్నలడగడమని అట్ఠకథ వివరిస్తుంది. వీటన్నిటికీ గౌతమ సమణుడు దూరంగా ఉంటాడని సుత్తం చెబుతుంది. అంటే ఆనాటి భారతదేశంలో దేవతావేశ విద్యలు సుపరిచితాలే. కొందరు సమణులు వాటితో జీవించారు కూడా. బుద్ధుని సంఘం మాత్రం వాటిని వదలడాన్నే తన గుర్తుగా చెప్పుకుంది. శ్రమణుడే షామన్ అయ్యాడని ఒక్క వాక్యంలో తేల్చేవారు ఈ విభజన రేఖను చెరిపివేస్తున్నారు.

ఎలియాడే నమూనా

ఎలియాడే దృష్టిలో షామనిజం సారం పారవశ్య విధానం. షామన్ ఆత్మ శరీరాన్ని విడిచి ఊర్ధ్వలోకాలకు ఎక్కగలదు, అధోలోకాలకు దిగగలదు. వీటిలో ఊర్ధ్వారోహణానికి ఆయన ఆదిమ ప్రాముఖ్యం ఇచ్చారు. ఆత్మలు మనిషిని ఆవహించడాన్ని తరువాతి పరిణామంగా, మూలం నుండి జారినదిగా భావించారు. తుంగుస్ షామనిజంపై దక్షిణం నుండి వచ్చిన బౌద్ధ ప్రభావాన్ని కూడా షిరోకోగొరోవ్ పరిశోధనల ఆధారంగా గుర్తించారు. ఆచారాలు కాలక్రమంలో మారుతాయన్న స్పృహ ఆయనకు ఉందని ఇది చూపుతుంది. అయినా ఆ మార్పుల వెనుక చెక్కుచెదరని ఒక ఆదిరూపం ఉందన్న నమ్మకాన్ని ఆయన వదలలేదు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో బౌద్ధ పాఠకునికి తెలిసిన ఉదాహరణతోనే చూడవచ్చు. బోధిసత్త్వుడు పుట్టగానే వేసిన ఏడడుగులను ఎలియాడే ఏడు లోకాల ఆరోహణంగా వ్యాఖ్యానించారు. మజ్ఝిమనికాయంలోని అచ్ఛరియ అబ్భుత సుత్తం ప్రకారం ఆ అడుగులు ఉత్తరాభిముఖంగా నేలపై పడ్డాయి. ఎలియాడే ఈ సంగతిని విస్మరించలేదు. ఉత్తరాన్ని లోకశిఖరంగా గ్రహించి, లోకంలో తానే అగ్రుణ్ణన్న బోధిసత్త్వుని ప్రకటనను దానితో జోడించారు. వ్యాఖ్యగా అది చతురమైనదే. కానీ అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఈ ఘట్టాన్ని చెక్కినప్పుడు దేవతలు పట్టుకున్న వస్త్రంపై పాదముద్రలను వరుసగా చూపించారు. అక్కడ నిచ్చెన లేదు, చెట్టు ఎక్కడం లేదు. శిల్పంలోని ఆ వస్త్రానికి, పాదముద్రలకు, వాటిని గౌరవించే ఆచారానికి దక్కాల్సిన శ్రద్ధ నమూనా వైపు మళ్లిపోయింది. ఆంధ్రదేశపు శిల్పాన్ని చదవవలసినవాడు సైబీరియా నిచ్చెనను చదివి తృప్తి పడతాడు. ప్రవేశగ్రంథంగా ఎలియాడే పుస్తకంలో ఉన్న అసలు లోపం ఇదే. అది సమాచారాన్ని తప్పుగా ఇస్తుందని కాదు, విషయం చూడకముందే ఏం చూడాలో చెప్పేస్తుందని.

సోర సాక్ష్యం

ఎలియాడే తన 1964 నాటి ఆంగ్ల ప్రతిలో సోరల ప్రస్తావన తెచ్చారు. దానికి ఆధారం 1955లో వెలువడిన వెరియర్ ఎల్విన్ గ్రంథం 'ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్'. 1940ల్లో గంజాం, కోరాపుట్ కొండల్లో ఎల్విన్ సేకరించిన సామగ్రి అపారం. గోడలపై మృతుల కోసం, దేవతల కోసం వేసే చిత్రాలు, బలులు, ఉత్తరక్రియలు, కుడాన్ అనబడే షామన్‌ల జీవిత కథలు అందులో ఉన్నాయి. ఆడ కుడాన్‌కు అధోలోకంలో ఒక భర్త ఉంటాడు. అతడు కొండవాడు కాదు, హిందూ సమాజపు ఉన్నత వర్ణానికి చెందినవాడు. కొండల్లోని పేదవారికి, మైదానంలోని అధికారానికి మధ్య ఉన్న సంబంధం ఈ వివాహంలో ఎలా ప్రతిఫలిస్తుందన్నది ఆలోచించదగిన విషయం. కేవలం పారవశ్యంపై దృష్టి పెట్టిన పాఠకునికి ఈ కోణం కనబడదు.

ఎల్విన్ గ్రంథానికీ పరిమితులున్నాయి. ఆయన దుభాషీల సాయంతో పనిచేశారు. అందువల్ల దేవతల పేర్లు, క్రతువుల వివరాలు విస్తారంగా లభించినా, క్రతువులో మనుషులు ఒకరితో ఒకరు ఆడిన మాటలు ఆద్యంతం వినబడవు. మతం ఒక పట్టికలా కనబడుతుంది.

ఆ లోటును పీర్స్ వితెబ్‌స్కీ పూరించారు. 1970ల నుండి సోరల మధ్య నివసించి, వారి భాష నేర్చి, సంభాషణలను ధ్వనిముద్రించి రాసుకున్న ఫలితంగా 1993లో 'డైలాగ్స్ విత్ ది డెడ్' వెలువడింది. ఇందులో కనబడే క్రతువు రూపం ఇది. కుడాన్ కాళ్లు చాచి కూర్చుంటుంది. ఆమె ఆత్మ కోతిలా చెట్లు పట్టుకుంటూ అధోలోకానికి దిగిపోతుంది. అవయవాలు బిగుసుకుపోతాయి, పక్కనున్నవారు వాటిని వంచి సడలిస్తారు. తరువాత మృతులు ఒకరి వెంట ఒకరు ఆమె నోటి ద్వారా మాట్లాడతారు. బంధువులు వారితో వాదిస్తారు, ఏడుస్తారు, నిందిస్తారు, బుజ్జగిస్తారు. సోనుమ్ అనబడే మృతాత్మ తాను ఏ బాధతో చనిపోయిందో అదే బాధను బతికున్నవారికి కలిగించగలదు. సంవత్సరాల తరబడి సాగే సంభాషణలతో ఆ ఆత్మ క్రమంగా శాంతించి పూర్వీకుల వరుసలో చేరుతుంది. తన పేరును వంశంలో పుట్టిన శిశువుకు ఇస్తుంది.

ఈ వర్ణనను ఎలియాడే నమూనా పక్కన ఉంచితే మూడు తేడాలు స్పష్టమవుతాయి. మొదటిది, ఇక్కడ ప్రయాణం పైకి కాదు, కిందికి. రెండవది, ఆత్మ ప్రయాణం, ఆత్మావేశం అనేవి రెండు వేర్వేరు దశలు కావు. కుడాన్ ఆత్మ వెళ్లిపోవడం వల్లనే ఆమె శరీరం మృతులకు దారి అవుతుంది. ఒకటి ఆదిమం, మరొకటి పతనం అనే విభజన ఇక్కడ నిలవదు. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. క్రతువు నడిబొడ్డున జరిగే సంభాషణ సమయంలో కుడాన్ ఆత్మ అక్కడ ఉండదు. పారవశ్యం పొందిన వ్యక్తి ఆ ఘట్టానికి సాక్షి కూడా కాదు. మాట్లాడేవారు మృతులు, వారి బంధువులు. కనుక సోర ఆచారాన్ని షామన్ అనుభవంగా మాత్రమే నిర్వచిస్తే దాని కేంద్రమే జారిపోతుంది.

వితెబ్‌స్కీ వ్యాఖ్యానాన్నీ విచక్షణతో చదవాలి. ఆయన ఈ సంభాషణలను దుఃఖాన్ని జీర్ణించుకునే ప్రక్రియగా చూసి, 1917లో ప్రచురితమైన ఫ్రాయిడ్ శోక సిద్ధాంతంతో పోల్చారు. ఆ పోలిక కొన్ని చోట్ల వెలుగునిస్తుంది. అయితే ఫ్రాయిడ్‌కు మృతుడు బతికున్నవాని మనస్సులో మాత్రమే ఉంటాడు. సోరలకు అతడు మాట్లాడే బంధువు. అదృష్టవశాత్తు వితెబ్‌స్కీ సంభాషణలను విస్తారంగా ఇచ్చారు కాబట్టి, వ్యాఖ్యను అంగీకరించని పాఠకుడు కూడా మూలాన్ని తనంతట తాను చదువుకోవచ్చు. ఆరంభకునికి సిఫారసు చేయదగిన గ్రంథానికి ఉండవలసిన ప్రధాన లక్షణం ఇదే.

బౌద్ధ పాఠకునికి ఇక్కడ పేతవత్థు గుర్తుకు రాక మానదు. అక్కడా బతికున్నవారు ప్రేతాలను ప్రశ్నిస్తారు, ప్రేతాలు బదులిస్తాయి, బంధువులు చేసిన దానం వల్ల ప్రేతాల స్థితి మారుతుంది. కానీ పేతవత్థులో ప్రశ్న కర్మఫలాన్ని వెల్లడిస్తుంది. పరిష్కారం సంఘానికి ఇచ్చిన దానంలో ఉంటుంది. సోర సంభాషణలో ప్రశ్న బంధుత్వాన్ని తిరిగి కుదురుస్తుంది. పరిష్కారం మాటల్లోనే, ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంటుంది. ఒకటి మరొకదాని నుండి పుట్టిందనకుండానే ఈ రెండింటినీ పక్కపక్కన చదవవచ్చు. అప్పుడు రెండూ మరింత స్పష్టంగా కనబడతాయి.

అభ్యాసం ద్వారా నేర్చుకోవడం

నేటి ఆరంభకులలో కొందరు చదవడం కన్నా చేసి చూడడాన్నే కోరుకుంటారు. వారికి మైకేల్ హార్నర్ 1980లో ప్రచురించిన 'ది వే ఆఫ్ ది షామన్' మార్గదర్శి. ఈక్వడార్ అడవుల్లోని షువార్ జనంపై 1972లో గౌరవనీయమైన క్షేత్ర గ్రంథం రాసిన హార్నర్, తరువాత అన్ని సంస్కృతులకూ ఉమ్మడిదని తాను భావించిన విధానాన్ని వేరుచేసి, కోర్ షామనిజం పేరిట బోధించారు. ఏకరీతిలో సాగే డప్పు శబ్దం, కళ్లు మూసుకుని చేసే మనోయానం, సహాయక జంతువు దర్శనం అందులోని అంశాలు.

ఈ అభ్యాసం వల్ల ఎవరికైనా మనశ్శాంతి కలిగితే దాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. అది 20వ శతాబ్దపు అమెరికా ఆధ్యాత్మిక చరిత్రలో ఒక అధ్యాయం. ఆ విధంగా పరిశోధనార్హం కూడా. దాన్ని తుంగుస్ లేదా సోర ఆచారానికి సాక్ష్యంగా తీసుకోవడమే పొరపాటు. సోర బాలిక కుడాన్ కావాలంటే చిన్ననాటి కలలు, అధోలోక వివాహం, తనకన్నా పెద్ద కుడాన్ వద్ద ఏళ్ల తరబడి శిక్షణ అవసరం. వీటన్నిటికీ మించి ఊరిలోని మృతుల పేర్లు, వారి తగాదాలు, వారు చనిపోయిన తీరు ఆమెకు తెలిసి ఉండాలి. సంస్కృతిని తీసివేసి విధానాన్ని మాత్రమే నేర్పితే, మాట్లాడడానికి వచ్చే ఆ మృతులెవరు? సంస్కృతి ఇక్కడ పైనున్న పొట్టు కాదు, గింజే అది.

బౌద్ధం ఎదురైన చోట

టిబెట్ బౌద్ధాన్ని చదివేవారికి జెఫ్రీ శామ్యూల్ 1993 నాటి 'సివిలైజ్డ్ షామన్స్' తప్పనిసరి గ్రంథం. టిబెట్ సమాజాల్లో వినయ ప్రధానమైన భిక్షు ధోరణి, తాంత్రిక సాధన ప్రధానమైన షామనిక ధోరణి ఎలా కలగలిసి నడిచాయో ఆయన చూపారు. అయితే సామాన్య చైతన్యానికి భిన్నమైన స్థితుల ద్వారా సమాజాన్ని నడిపే పద్ధతులన్నిటినీ ఆయన షామనికం అన్నారు. ఆ నిర్వచనంలో గుహలో ధ్యానించే యోగి, గ్రామంలో దేవతావేశం పొందే వ్యక్తి ఒకే గొడుగు కిందికి వస్తారు. ఆ ఇద్దరూ తమను ఒకటిగా అంగీకరిస్తారా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

దీనికి పూరకంగా స్టాన్ మమ్‌ఫర్డ్ 1989 గ్రంథం 'హిమాలయన్ డైలాగ్' చదవాలి. నేపాల్‌లోని గ్యాసుమ్‌దో లోయలో టిబెటన్ లామాలు, గురుంగ్ షామన్‌లు పక్కపక్కనే జీవిస్తూ ఒకరినొకరు విమర్శించుకోవడాన్ని ఆయన నమోదు చేశారు. జంతుబలి వారి మధ్య ప్రధాన వివాదం. మంగోలియాలో ఈ వివాదం మరింత కఠినంగా సాగింది. 1578లో అల్తాన్ ఖాన్, సోనమ్ గ్యాత్సో కలుసుకున్న తరువాత రక్తబలులు నిషేధించబడ్డాయి. ఓంగోన్ అనే పూర్వీకుల ప్రతిమల దహనం జరిగింది. షామనిజం బౌద్ధంలో సామరస్యంగా కలిసిపోయిందని రాసేటప్పుడు ఈ చరిత్రను మరవరాదు. బలిని ఆపిన కరుణ, ప్రతిమలను కాల్చిన అధికారం ఒకే ఆజ్ఞలో ఎలా ఇమిడాయన్న ప్రశ్నను భిక్షు పాఠకులు ఎదుర్కోక తప్పదు.

పురావస్తు పరిశోధకునికి

1988లో లూయీస్-విలియమ్స్, డౌసన్ శిలాచిత్రాల్లోని చుక్కలు, జాలకాలు, వంకర గీతలను మారిన చైతన్యస్థితిలో కనబడే ఆకారాలుగా వివరించారు. 1996లో జాఁ క్లోట్‌తో కలిసి లూయీస్-విలియమ్స్ అదే వివరణను ఐరోపా ప్రాచీన శిలాయుగ గుహలకు అన్వయించారు. దక్షిణాఫ్రికా విషయంలో ఈ వాదానికి 19వ శతాబ్దంలో సాన్ జనం నుండి సేకరించిన కథనాల అండ ఉంది. ఐరోపా గుహలకు అటువంటి వాక్కు లేదు. ఒకే సిద్ధాంతానికి రెండు చోట్ల రెండు వేర్వేరు బలాలున్నాయని ఆరంభకుడు గుర్తించాలి.

సోర ఉదాహరణ మరో హెచ్చరిక చేస్తుంది. కుడాన్ పనికి కొమ్ముల కిరీటం గానీ ముసుగు గానీ అవసరం లేదు. ఆమె నోట మృతులు పలికిన మాటలు భూమిలో పాతుకుని ఉండవు. మిగిలేవి ఉత్తరక్రియల్లో నిలబెట్టిన రాళ్లు. అవి వంశానికి చెందినవి, షామన్‌కు కావు. కొమ్ములున్న చోట షామన్‌ను చూసేవాడు, షామన్ నిజంగా ఉన్న చోట ఏమీ చూడకపోవచ్చు.

తెలుగు పదాలూ ఈ జాగ్రత్తను నేర్పుతాయి. పూనకం, సోది, రంగం, భూతవైద్యం అనే మాటలు నాలుగు వేర్వేరు పనులను సూచిస్తాయి. బోనాల వేళ రంగంలో భవిష్యవాణి పలికే స్త్రీ, గడపలో కూర్చుని సోది చెప్పే స్త్రీ ఒకరు కారు. అన్నిటినీ షామనిజం అని అనువదిస్తే భాష తానుగా చేసి ఉంచిన విభజన పోతుంది.

గిడుగు చూపిన వరుస

గుణుపురం మీదుగా సోర కొండలను దాటివచ్చే వంశధార కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ దగ్గరలోనే ఏటి ఒడ్డు కొండపై శాలిహుండం స్తూపాలున్నాయి. తార, మారీచి మూర్తులు దొరికిన క్షేత్రమది. నది ఒక్కటే కాబట్టి ఎగువన నాటిన రాళ్లకు, దిగువన కట్టిన స్తూపాలకు సంబంధం కల్పించాలన్న కోరిక పుట్టవచ్చు. నది భూగోళ సత్యం మాత్రమే. ఆచార పరంపరకు ఆధారం తవ్వకాల పొరల్లో, శాసనాల్లో దొరకాలి.

1919లో శాలిహుండాన్ని వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి. 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినవారూ ఆయనే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ, తెలుగు వచ్చిన సవరను ఇంట ఉంచుకుని భాష నేర్చుకున్నారు. సవరల మతానికి ఆయన ముందుగా సిద్ధాంతం కట్టలేదు. వారి మాటలు నేర్చి, రాసి, వారి పిల్లలకు బడులు పెట్టారు. తరువాతి పరిశోధనకు ఆ పని పునాది.

ఆరంభకునికి తగిన వరుస కూడా అదే. మొదట వితెబ్‌స్కీ నమోదు చేసిన సంభాషణలు, అవసరమైన చోట గిడుగు నిఘంటువు. తరువాత ఎల్విన్. ఆ పిమ్మట మమ్‌ఫర్డ్, శామ్యూల్; వాటి పక్కన బ్రహ్మజాల సుత్తం, పేతవత్థు. చివరగా ఎలియాడే. అప్పటికి పాఠకుని వద్ద ఒక సమాజం గురించిన స్పష్టమైన జ్ఞానం ఉంటుంది. ఎలియాడే చెప్పే ప్రతి సాధారణీకరణనూ దానితో పరీక్షించగలుగుతాడు. ఆ దశలో ఎలియాడే గ్రంథం నిజంగా ఉపయోగపడుతుంది.

ఈ వరుస కేవలం చదువు సౌకర్యం కోసం కాదు. 2017లో వెలువడిన 'లివింగ్ వితౌట్ ది డెడ్'లో వితెబ్‌స్కీ ఒక తరం మార్పును వర్ణించారు. తాను పనిచేసిన గ్రామాల్లో యువకులు బాప్టిస్టు క్రైస్తవంలోకో, కొందరు హిందూ మార్గాల్లోకో వెళ్లారు; తాతలు మృతులతో మాట్లాడిన చోట మనవలు మౌనంగా ఉన్నారు. ఆ మార్పు వారి స్వంత ఎంపిక. దాన్ని నిందించే హక్కు పరిశోధకునికి లేదు. వారి పూర్వీకులు నిజంగా అన్న మాటలను, వారు అనని సిద్ధాంతంతో కప్పకుండా కాపాడే బాధ్యత మాత్రం ఉంది. షామన్ అని రాసే ముందు కుడాన్ అని రాయగలగడం ఆ బాధ్యతలో మొదటి పని.